తొమ్మండుగురి కారు

నెల్లూరు దగ్గర మా ఇందుకూరుపేట వైపు కార్ల చరిత్ర రాయాలంటే ముందు రొయ్యల చరిత్ర రాయాలి. రొయ్యలు రాకముందు మాకు తెలిసిన కార్లు రెండే. అంబాసిడర్ పెద్ద రైతుల ఇళ్ళ ముందు, నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టాక్సీల వరసలో కనిపించేది. ఫియట్ డాక్టర్లది. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండే ఆ బండికి ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చి ఎన్నేళ్ళయినా మా వైపు అది చివరిదాకా ఫియట్టే. మిగతా వాళ్ళందరికీ మైపాడు బస్సు, సైకిలు, ఎద్దులబండి.

ఎనభైల చివర్లో టైగర్ రొయ్య వచ్చింది. సముద్రం పక్కన ఉప్పు పర్రలు, ఆ తర్వాత మంచి మాగాణి కూడా రొయ్యల గుంటలయ్యాయి. నిన్నటి దాకా సైకిలు మీద తిరిగిన మనిషి రెండు పంటలు తీసేసరికి మేడ లేపాడు. మేడ ముందు తెల్ల మారుతి 800 నిలబెట్టాడు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఆయన తొలి మారుతి తాళాలు అందుకున్నాడు. ఆ కారు మా ఊరి దాకా రావడానికి మాత్రం ఏడెనిమిదేళ్ళు పట్టింది. అంబాసిడర్ చూసిన కళ్ళకి అది ఆనలేదు. మా తాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందిరా ఇది, అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంది" అన్నాడు. ఊళ్ళో చాలామంది మాట అదే. అయినా అందరికీ అదే కావాలి. అది సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యేది, మధ్య దారిలో ఆగేది కాదు. అంబాసిడర్ యజమానులకి ఆ రెండూ తెలియని సుఖాలు.

తర్వాత 1994-95లో తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలకి గుంటలు ఊడ్చుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం పక్కన రొయ్యల సాగు మీద తీర్పిచ్చేసరికి మిగిలిన ఆశలూ పోయాయి. అప్పుల వాళ్ళు మేడల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ముందుగా అమ్ముడుపోయినవి కార్లే. మా నాయన బడిపంతులు. కొత్త కారు కొనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అమ్మకి వరసకి అన్నయ్యే ఒకాయన, మాకు మామ, తన 800 అమ్మకానికి పెట్టాడు. బయటివాళ్ళ చేతిలో పడడం ఇష్టంలేక మా ఇంటికొచ్చి, "బావా, నువ్వే తీసుకో, కళ్ళ ముందుంటది" అన్నాడు. నాయన కోఆపరేటివ్ సొసైటీలో లోను పెట్టి తీసుకున్నాడు. అలా ఒక ఇంటి నష్టం మా ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడింది.

ఆ మామ వారానికోసారన్నా వచ్చి బండిని చూసిపోయేవాడు. బానెట్ ఎత్తి ఆయిల్ కడ్డీ లాగి చూసి, మళ్ళీ పెట్టి, నాయనకి ఏదో ఒక జాగ్రత్త చెప్పి పోయేవాడు. కూతురు పెళ్ళికి పెళ్ళికొడుకుని తీసుకురావడానికి కారు కావాలని అడిగాడు. అడగడానికి ఎంత మొహమాటపడ్డాడో. నాయన తాళాలు ఆయన చేతిలో పెట్టి, "నువ్వే నడుపు" అన్నాడు. పూలదండలతో అలంకరించిన ఆ బండిని మామ ఊళ్ళోకి తోలుకొస్తుంటే అది అమ్మేసిన బండి అని ఎవరూ అనలేదు.

ఇక ఆ కారులో కూర్చునే పద్ధతి. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆ కారులో నాకు బాగా గుర్తున్నది ఇంజను కాదు, సీట్లు. 800 వెడల్పు మీటరూ నలభైనాలుగు సెంటీమీటర్లు, పొడవు మూడు మీటర్ల ముప్పైమూడున్నర. అందులో మేం తొమ్మండుగురం ఎక్కేవాళ్ళం. నాయన స్టీరింగు ముందు. పక్క సీటు తాతది. ఆ సీటులో ఇంకెవరైనా కూర్చోవచ్చన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. తాత ఒళ్ళో నేను, ఇంట్లో అందరికన్నా చిన్నదాన్ని కాబట్టి. వెనక కిటికీ పక్కన అవ్వ. ఆమెకి వాంతులు, అందుకని చేతిలో నిమ్మకాయ. రెండో కిటికీ పక్కన పిన్నమ్మ. నడుమ అమ్మ. ముగ్గురి ఒళ్ళలో, మోకాళ్ళ సందుల్లో మా అన్న, పిన్నమ్మ పిల్లలిద్దరూ. అన్న ముందు సీట్ల మధ్యలోంచి తల దూర్చి, నాయన ఎప్పుడు గేరు మారుస్తాడా అని చూస్తుండేవాడు. నాలుగో గేరు వేయాలంటే వాడు మోకాలు పక్కకి జరపాలి. డిక్కీలో స్టెప్నీ, దాని పైన బట్టల సంచీ, పులిహోర డబ్బా. అంతే, ఇంకేమీ పట్టదు.

అమ్మ ఆ కారులో ముందు సీటులో కూర్చోగా నేను చూడలేదు. తాత లేనప్పుడు నాయన పక్కన పెదనాయన కూర్చునేవాడు, ఆయన లేకపోతే అన్న. పన్నెండేళ్ళ పిల్లాడు ముందు, అమ్మ వెనక. దీన్ని ఎవరూ నియమం అని చెప్పలేదు. కానీ తలుపు తీయగానే ఎవరి చోటు వాళ్ళకి తెలుసు. చిన్న కారు సంసారాన్ని దగ్గర చేసిందని ఇప్పుడు మురిసిపోయేవాళ్ళు, ఆ దగ్గరితనంలో నడుమ ఇరుక్కుని కూర్చున్నది ఎవరో కూడా చెప్తే బాగుంటుంది.

ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, నలభై హార్స్ పవర్ కూడా లేదు. బండి బరువు సుమారు 650 కిలోలు కాబట్టి ఒకరిద్దరు కూర్చుంటే చెంగున పోయేది. తొమ్మండుగురు ఎక్కితే మనుషుల బరువే బండి బరువులో సగానికి పైన. రాజంపేటలో బంధువుల ఇంటికి రాపూరు ఘాట్ మీదుగా పోయినప్పుడు తెలిసేది దాని బాధ. మామ పుణ్యాన దానికి ఏసీ ఉంది. కానీ ఘాట్ రాగానే నాయన మొదట చేసే పని ఏసీ ఆపడం. కంప్రెసర్ తిరిగితే ఇంజనుకి ఊపిరాడదు. అద్దాలు చేత్తో తిప్పి దించుకుని, న్యూస్ పేపరుతో విసురుకుంటూ, రెండో గేరు నుంచి మొదటి గేరుకి దిగుతూ ఎక్కేవాళ్ళం. హైవే మీద లారీని దాటాలన్నా అంతే. "ఏసీ కట్టెయ్" అని తాత అనడం, నాయన మీట నొక్కడం, ఒక్క క్షణం బండి ముందుకి దూకినట్టు అనిపించడం. లారీ దాటాక మళ్ళీ ఏసీ.

పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేయాలి, వేడెక్కాక దాన్ని లోపలికి నెట్టాలి. ఎక్కువసేపు లాగి ఉంచితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి, ముందే నెట్టేస్తే ఆగిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో మాకు వాయుగుండాల వానలు. రోడ్డు మీద మోకాల్లోతు నీళ్ళలో పోతే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిసి బండి మొరాయించేది. నాయన దాని మూత ఊడదీసి పాత పంచె ముక్కతో తుడిచి, ఎండిందాకా ఆగి, మళ్ళీ బిగించేవాడు. ఆ పంచె ముక్కకి డాష్‌బోర్డు అరలో శాశ్వతంగా చోటుండేది. ఇప్పటి బండిలో చోకూ లేదు, గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటరూ లేదు, డిస్ట్రిబ్యూటరూ లేదు. ఎంత గాలి పోతోంది, ఇంజను ఎంత వేడిగా ఉంది అని సెన్సార్లు చూసి చెప్తే, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు లెక్కగడుతుంది. 800కి కూడా 2000 సంవత్సరం నాటికి ఇది వచ్చింది. పొగ నిబంధనలు బిగిసే కొద్దీ కార్బొరేటర్ నిలవలేకపోయింది. 2020 ఏప్రిల్ 1న మన పొగ ప్రమాణాలు బీఎస్ 4 నుంచి నేరుగా బీఎస్ 6కి దూకాక చిన్న కార్ల డీజిల్ ఇంజన్లు కూడా చాలావరకు మాయమయ్యాయి.

పాత మెకానిక్కులు చెవితోనే రోగం కనిపెట్టేవాళ్ళని పొగిడే మాటలు తరచుగా వింటుంటాను. నేను చూసినంతలో చెవితో కనిపెట్టిన వాటిలో సగం తప్పే. నెల్లూరులో మేం పోయే షెడ్డులో మెకానిక్ బానెట్ మీద తల వాల్చి విని "వాల్వులు" అనేవాడు. విప్పి చూస్తే వాల్వులు బాగుండేవి. "అయితే ప్లగ్గులు" అనేవాడు. సాయంత్రానికి కార్బొరేటర్ స్క్రూ ఒక పావు చుట్టు తిప్పితే సరిపోయేది. మేం అంతసేపూ షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీలు తాగేవాళ్ళం. ఇప్పుడు స్టీరింగు కింద సాకెట్టుకి స్కానర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో నంబరుతో సహా చెప్తుంది. నాకు ఇదే నచ్చింది. తేడా ఏమిటంటే, ఆ రోజుల్లో నాయన ఆ పావు చుట్టు చూసి నేర్చుకుని తర్వాత తనే తిప్పుకున్నాడు. ఇప్పుడు బానెట్ ఎత్తితే నాకు కనిపించేది నల్ల ప్లాస్టిక్ మూత. వైపరు నీళ్ళు పోయడం తప్ప అక్కడ నాకు పని లేదు.

తర్వాతి మార్పు మా ఇంట్లోకి అవ్వ మోకాళ్ళ మూలంగా వచ్చింది. 800లో కూర్చోవాలంటే ముందు వంగాలి, తర్వాత లోపలికి జారాలి, దిగేటప్పుడు ఇద్దరు చెయ్యి పట్టి లాగాలి. 1998లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ఫ్యాక్టరీ నుంచి సాంత్రో వచ్చింది. మాకు హైదరాబాదు కన్నా చెన్నపట్నమే దగ్గర, పెద్ద జబ్బుకైనా పెళ్ళి బట్టలకైనా అక్కడికే పోతాం. అందుకని ఆ కార్లు మా రోడ్ల మీద తొందరగానే కనిపించాయి. ఎత్తుగా, వంకరగా ఉందని మొదట నవ్వారు. మా చిన్నాయన ఒకటి కొన్నాడు. అవ్వ తలుపు దగ్గర నిలబడి, వెనక్కి వాలితే చాలు, కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంది. "ఈ బండి చేసినోడికి అమ్మ ఉండాది" అంది. ఆ మాట కన్నా మంచి కితాబు ఆ కారుకి ఇంకెవరూ ఇచ్చి ఉండరు. అదే ఏడాది చివర టాటా వాళ్ళ ఇండికా వచ్చింది. డీజిల్ బండి, లోపల చోటెక్కువ. కొద్ది ఏళ్ళలోనే మద్రాసు బస్టాండు దగ్గర అంబాసిడర్ల వరస చెదిరిపోయింది. జెన్, వ్యాగన్ ఆర్, ఆల్టో అన్నీ వచ్చాయి, వాటితో మాకు పెద్ద పరిచయం లేదు.

ఆ తర్వాత చిన్న కార్లు పెరగడం మొదలైంది. 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ పొడవు మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లకి కాస్త తక్కువ. మరుసటి ఏడాది బడ్జెట్‌లో నాలుగు మీటర్లు మించని, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని కార్లకి ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అక్కణ్ణుంచి కంపెనీలన్నీ ఆ గీత దాకా పోయి ఆగాయి. స్విఫ్ట్ పెట్రోలు ఇంజను 1.3 లీటర్ల నుంచి 1.2కి దిగింది. నాలుగు మీటర్ల పదహారు సెంటీమీటర్లున్న డిజైర్‌ని 2012లో డిక్కీ కోసి 3,995 మిల్లీమీటర్లు చేశారు. ఆ కోసిన డిక్కీ చూసి మా అన్న, "దర్జీ గుడ్డ చాలక ఆపేసినాడు" అన్నాడు. నాకూ అది ఎప్పుడూ అందంగా కనిపించలేదు. పన్ను వేసే అధికారుల టేపు కొలతకి తగ్గట్టు కార్ల ఆకారాలు మారడం ఒక వింత.

వెనామీ అనే కొత్త రకం రొయ్యకి 2009లో అనుమతి వచ్చాక మా ఊళ్ళో మళ్ళీ డబ్బు కదిలింది. ఈసారి మేడల ముందు నిలబడినవి 800లు కావు. అందరూ ఎత్తు బళ్ళు కొన్నారు. మామ కొడుకు కూడా గుంటలు కౌలుకి తీసుకుని డీజిల్ స్విఫ్ట్ కొన్నాడు. మామ అందులో ముందు సీటులో కూర్చుని మా ఇంటికొచ్చాడు. బానెట్ మాత్రం ఎత్తలేదు.

మా 800ని నాయన రిటైరయ్యాక ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ళకి ఇచ్చేశాడు. ఎల్ బోర్డు పెట్టుకుని నెల్లూరు మినీ బైపాస్ మీద తిరుగుతుంటే కొన్నేళ్ళు కనిపించేది. ఏపీ 26 నంబరు చూడగానే మన జిల్లా బండి అని తెలిసేది అప్పట్లో. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఏపీ 26 కనబడితే అన్న హారన్ కొట్టి చెయ్యి ఊపేవాడు. ఏపీ 27 అయితే ఒంగోలు వాళ్ళు, పక్కింటివాళ్ళతో సమానం కాబట్టి వాళ్ళకీ ఊపేవాడు. 2019లో రాష్ట్రమంతా ఒకటే ఏపీ 39 అయింది, ఇప్పుడు ఎవరికి ఊపాలో తెలియదు.

ఇప్పుడు నా దగ్గరున్నది 2024 స్విఫ్ట్. పొడవు 3,860 మిల్లీమీటర్లు, వెడల్పు 1,735. అంటే 800 కన్నా అరమీటరు పైన పొడుగు, దాదాపు అడుగు ఎక్కువ వెడల్పు. బరువు 900 కిలోలు దాటింది. తలుపు వేసినప్పుడు శబ్దంలోనే ఆ బరువు తెలుస్తుంది. 800 తలుపు రేకుడబ్బా మోతతో పడేది. ఇందులో ఆరు ఎయిర్‌బ్యాగులు అడగకుండానే వస్తాయి, జారకుండా పట్టే ఈఎస్‌సీ, ఎత్తు మీద ఆగితే వెనక్కి దొర్లకుండా పట్టే ఏర్పాటు కూడా. ఏసీ వేసుకునే రాపూరు ఘాట్ ఎక్కాను. తమాషా ఏమిటంటే, నాలుగు సిలిండర్లుగా ఉన్న స్విఫ్ట్ ఇంజను ఈ తరంలో మా 800 లాగే మూడుకి వచ్చింది. ఆగి ఉన్నప్పుడు స్టీరింగులో వచ్చే ఆ సన్న వణుకు నాకు ఎంత తెలిసిన వణుకో. షోరూములో పక్కన కూర్చున్న పిల్లాడు అది లోపమేమో అని నేను అడుగుతానని గాభరాపడి, "మేడమ్, త్రీ సిలిండర్ కదా, కొంచెం ఉంటది" అన్నాడు. నేను నవ్వాను.

పాత కారు గట్టిదని నాయన ఇప్పటికీ వాదిస్తాడు. కాదు. 2014 జనవరి 18న చివరి 800 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. అదే నెలాఖరున గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లని గోడకి గుద్దించి చూసిన ఫలితాలు చెప్పింది. పెద్దవాళ్ళ రక్షణలో ఐదింటికీ సున్నా స్టార్లు. 800ని వాళ్ళు గుద్దించలేదు, గుద్దించాల్సిన పనీ లేదు. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి రెండు లైన్లు. గూడూరు, నాయుడుపేట దాటి రాత్రిపూట చెన్నైకి పోతుంటే ఎదురు లారీల లైట్లలో నాయన కళ్ళు చికిలించుకుని నడిపేవాడు. ఆ సీటులో తాత ఒళ్ళో నేను, నాకూ డాష్‌బోర్డుకీ మధ్య జానెడు ఖాళీ. బెల్టు ఉండేది. అది తలుపు పక్కన వేలాడుతూ ఉండేది, అంతే. ఆ రోజుల్లో మేం బతికి బయటపడ్డాం కాబట్టి ఈ మాటలు చెప్పుకుంటున్నాం. బయటపడని వాళ్ళ జ్ఞాపకాలు ఎవరూ రాయరు కదా.

అలాగని కొత్త బండి చేసే గోల అంతా నాకు ఇష్టమని కాదు. ముందు సీటులో బియ్యం సంచీ పెడితే దానికి బెల్టు పెట్టమని కూస్తుంది. రివర్సులో మా గేటు పక్కన మల్లె పందిరిని చూసి ప్రాణం పోయేట్టు అరుస్తుంది. పాటలు తగ్గించాలంటే తెర మీద వేలితో తడుముకోవాలి. 800లో ఆ పని కళ్ళు రోడ్డు మీదే ఉంచి గుండ్రటి మీట తిప్పి చేసేవాళ్ళం. తెరలు పెట్టిన వాళ్ళు ఈ ఒక్క విషయంలో వెనక్కి పోయారని నా అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం కారుది కాదు. కారు అరమీటరు పెరిగింది, అందులో కూర్చునే మనుషులు సగానికి తగ్గారు. మామూలు రోజుల్లో ఈ బండిలో నేనొక్కదాన్నే ఉంటాను. నెల్లూరులో మాగుంట లేఅవుట్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. నా ముందూ వెనకా కూడా ఒక్కొక్కరే. ఐదుగురు పట్టే బళ్ళలో ఒంటరిగా కూర్చుని వీఆర్‌సీ సెంటర్ దగ్గర ఒకరినొకరం కదలనివ్వం.

అమ్మ ఇప్పుడు ముందు సీటులో కూర్చుంటుంది. మొదట్లో తలుపు తీసి పట్టుకున్నా నాయన వైపు చూసేది. ఇప్పుడు చూడదు. సీటు తనకి కావలసినంత ముందుకి లాక్కుని, ఏసీ గాలి తన మీదికి తిప్పుకుని, నేను ఎవరినైనా దాటబోతే, "పోనీయ్, పోనీయ్" అని ప్రోత్సహిస్తుంది. నాయన వెనక సీటులో కూర్చుని, నేను తొక్కాల్సిన ప్రతి బ్రేకూ తనే తొక్కుతుంటాడు.

మొన్నామధ్య పెంచలకోన గుడికి పోదామనుకున్నాం. నేను, అమ్మ, నాయన, నా పిల్లలిద్దరు. ఐదుగురం సరిపోయాం. బయలుదేరే సమయానికి పిన్నమ్మ చేతిలో సంచీతో వచ్చింది. అమ్మే ఫోను చేసి రమ్మందట.

"యాడ కూర్చుంటది అమ్మా? ఐదు బెల్టులే ఉండాయి" అన్నాను.

"సర్దుకుంటే సరిపోదా? దీంట్లో సగం లేని కార్లో తొమ్మండుగురం పోలేదా?"

పిన్నమ్మ అప్పటికే వెనక తలుపు తీసి, చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కునే ప్రయత్నంలో ఉంది. నా కూతురు బెల్టు వదలనంది. బడిలో చెప్పారట, ఒకరి ఒళ్ళో కూర్చుంటే బెల్టు పనిచేయదని. నాయన దానికే వంతపాడాడు, పాత కారే గట్టిదని వాదించే ఆ నాయనే. అమ్మ నా మీద కోపంగా, "అంత పెద్ద బండి కొని ఏం లాభం, ఒక మనిషికి చోటు లేనప్పుడు" అంది. వీధిలో వాళ్ళు చూస్తున్నారు. నేను స్టార్ట్ చేయలేదు.

పిన్నమ్మే తేల్చింది. "మీరు పదండే. నన్ను బస్టాండులో దింపండి చాలు, బస్సులో వస్తా. ఆడోళ్ళకి టికెట్టు లేదు గదా ఇప్పుడు" అంది. బస్టాండు దాకా మాత్రం నా కూతురు తాత పక్కకి జరిగి, బెల్టు విప్పకుండానే ఎలాగో జాగా ఇచ్చింది. అక్కడి దాకా నేనూ ఏమీ అనలేదు.

మేం పొదలకూరులో టిఫినుకి ఆగి, మధ్యలో పిల్లల కోసం ఇంకోసారి ఆగి, కోన చేరేసరికి పిన్నమ్మ అప్పటికే దిగి, కొబ్బరికాయలు కొని, గుడి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. "కిటికీ పక్కన సీటు దొరికిందే" అని అమ్మకి చెప్తూ, సున్నా రూపాయల టికెట్టు తీసి నాయనకి చూపించింది.